పోశమ్మ తప్పు

రెండు నెలలుగా ఒకరి గాలి ఒకరికి పడని రెండు గూడేలు ఆ గురువారం నాడు మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చాయి. ఆ మాట ఏమిటంటే, పోశమ్మ తప్పు చేసిందని.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటే ఇదే మరి. తల పగలగొట్టినవాళ్లు ఉన్నారు. వలలకు నిప్పు పెట్టినవాళ్లు ఉన్నారు. తెల్లవారకముందే గడ్డపారలతో తూము మీదికి వచ్చినవాళ్లూ, వాళ్లకోసం కట్ట మీద కర్రలు పట్టుకుని కాచుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లందరినీ దాటుకుంటూ పోయిన పెద్దమనుషుల చూపు నెత్తిన చేపల గంపతో తిరిగే ఒక ఆడమనిషి దగ్గర ఆగింది.

ఆ కబురు చేరేసరికి పోశమ్మ ఇబ్రహీంపట్నం బస్టాండు పక్కన, రోజూ కూర్చునే చోటే కత్తిపీట ముందు కూర్చుని ఉంది. తుర్కయాంజాల్ అపార్టుమెంట్ల నుంచి స్కూటీ మీద వచ్చిన ఒకామె బొచ్చె చేపను బేరమాడి, ముక్కలు చిన్నగా కొట్టమని చెప్పి ఫోన్లో పడింది. పోశమ్మ చేపను బూడిదలో దొర్లించి, బండకు వేసి రుద్ది, పొలుసు తీసి, పొట్ట చీల్చింది. అప్పుడే ఆమె మొగుడు సాయన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. అతను బజారుకు రావడమే వింత. వచ్చీ మాట్లాడకుండా మెడలో తువ్వాలు సర్దుకుంటున్నాడంటే వార్త మంచిది కాదని ఆమెకు తెలిసిపోయింది.

"ఆదివారం రాజీ అయితదట," అన్నాడు చివరికి.

"మంచిదే గద. మొకం గట్ల వెట్టినవేంది?"

సాయన్న నసుగుతూ చెప్పుకొచ్చాడు. సాగర్ రోడ్డు మీది చాయ్ హోటల్లో పెద్దమనుషులు కూర్చున్నారు. చేపలు పట్టే కిందిగూడెం తరఫున రమాకాంత్, సేద్యం చేసే మీదిగూడెం తరఫున నారయ్య మాట్లాడారు. చెరువు నీళ్లు కార్తీకం వెళ్లేలోగా తూము రెండో మెట్టు దాకా దించాలి. అప్పుడు మునిగిపోయిన మీదిగూడెం చేలు తేలి యాసంగి పంటకు అందుతాయి. అంతకు కిందికి మాత్రం దించకూడదు. అప్పుడు కిందిగూడెం వాళ్లు చెరువులో వదిలిన చేపపిల్లలు బతుకుతాయి. ఇక నారయ్య కొడుకు మల్లేశ్ తల పగిలింది ఎవరి దెబ్బకూ కాదు, కట్ట మీది రాళ్ల మీద కాలు జారి పడ్డాడని రెండు పక్షాలూ చెప్పి కేసు కొట్టేయించుకోవాలి. ఇంతవరకు చెప్పి సాయన్న ఆగాడు.

"ఇంకేమన్నరు?"

"నువ్వు, ఆ నారయ్య పెండ్లాం సుసన్న కట్టు తప్పిర్రు గద. ఇద్దరు అందరి ముంగట తప్పయిందని చేతులు జోడిస్తె, గిదంత సాఫ్ అయితదన్నరు."

పోశమ్మ వేలి కింద చేప చేదుకట్టు పగిలింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి చేపలు కోస్తున్న చేతులవి, ఒక్కనాడూ చేదు పగలనివ్వలేదు. పచ్చటి నీరు మాంసమంతా పాకింది. ఆమె ఆ చేపను పక్కకు నెట్టి, గంపలోంచి ఇంకొకటి తీసి బూడిద అద్దింది. స్కూటీ ఆమె ఇంకా ఫోన్లోనే ఉంది.

కట్టు పెట్టింది మగవాళ్లు. తూము దగ్గర గొడవైన మర్నాడే రెండు గూడేల్లోనూ పెట్టారు. అవతలివాళ్లతో మాట వద్దు, అమ్మకం వద్దు, కొనడం వద్దు, నిప్పూ నీళ్లూ వద్దు. తప్పిన ఇంటికి ఇక్కడైతే చెరువులో వల వంతు ఉండదు, అక్కడైతే పొలం పనికి తోడు రారు. అంత గట్టి కట్టు పెట్టిన వీరులు ఆ సాయంత్రమే పోలీసు జీపు చప్పుడు విని చుట్టాల ఊళ్లు పట్టారు. ఒకడు బాలాపూర్‌లో మేనత్త ఇంట్లో తేలాడు, ఒకడు జల్‌పల్లిలో బామ్మర్ది దగ్గర. ఇళ్లల్లో మిగిలింది ఆడవాళ్లు. ఠాణాకు పోయి ఫిర్యాదులిచ్చింది వాళ్లే. దవాఖానలో మల్లేశ్ మంచం పక్కన కూర్చుంది వాళ్లే. కాలిన వలల బూడిద ఎత్తిందీ వాళ్లే. పోశమ్మ చేపల గంపతో మీదిగూడెం గడప తొక్కింది ఆ రోజుల్లోనే.

రెండో మెట్టు అన్న మాట కూడా చాయ్ హోటల్లో పుట్టింది కాదు. సుసన్న ఇంటి వెనక కొట్టం నీడలో పుట్టింది. సుసన్న తోటకూర కట్టలు కడుతుంటే పోశమ్మ పుల్లతో నేల మీద తూము గీసింది. ఇంతవరకు దించితే మీ చేలు బయటపడతాయి, ఇంతవరకు ఉంచితే మా చేపలు బతుకుతాయి అని ఇద్దరూ కొలుచుకున్నారు. ఆ తర్వాత ఎవరి మొగుడి చెవిలో వాళ్లు వేశారు. ఇప్పుడది పెద్దమనుషుల తీర్పయి కూర్చుంది. పోనీ, అనుకుంది పోశమ్మ. మాట ఎవరి నోట వస్తేనేం, కర్రలు లేవకుండా ఉంటే చాలు. కానీ చేసిన మేలును దోచుకున్నది చాలక, చేసిన చేతుల్నే జోడించమంటున్నారు. అత్త మీది కోపం దుత్త మీద చూపించడమన్నా నయం. దుత్తకు కనీసం నొప్పి తెలియదు.

"ఒక్క నిమిషం పని," అన్నాడు సాయన్న. "మన పిల్లగాని నౌకరి చూడు."

కొడుకు ఎల్లేష్ కానిస్టేబుల్ పరీక్షలు గట్టెక్కాడు. కేసులో కిందిగూడెం కుర్రాళ్లందరి పేర్లూ పడ్డాయి, కొట్టింది ఎవరో మాత్రం తేలలేదు. కేసు పోతే ఉద్యోగం వస్తుంది. తల్లి వంగితే కేసు పోతుంది. పోశమ్మ బండ మీద నీళ్లు కుమ్మరించి, చేదు పాకిన చోటును గట్టిగా రుద్దింది.

*

శుక్రవారం మధ్యాహ్నం పోశమ్మ మీదిగూడెం పోయింది. ఇన్నాళ్లూ చేలగట్ల వెంట చాటుగా పోయిన మనిషి, ఆరోజు గంప కూడా లేకుండా, రమాకాంత్ ఇంటి ముందు నుంచే చెరువు కట్ట ఎక్కింది. ఎలాగూ తప్పు చేసిందన్నారు, ఇంకా దాక్కోవడం దేనికి.

రమాకాంత్ కోడలు కరుణ వాకిట్లో గిన్నెలు తోముతూ తలెత్తి చూసింది, నవ్వీ నవ్వనట్టు నవ్వి మళ్లీ తల దించుకుంది. ఆ పిల్లకు పోశమ్మ రుణపడి ఉంది. రెండు గూడేలూ రుణపడి ఉన్నాయి గానీ వాళ్లకు తెలియదు. గొడవైన మూడు వారాలకు, దాక్కున్న ఊళ్ల నుంచి తిరిగొచ్చిన కిందిగూడెం కుర్రాళ్లు మీదిగూడెం గడ్డివాములు తగలబెట్టాలని పెట్రోలు సీసాలు నింపి రమాకాంత్ పశువుల కొట్టంలో దాచారు. కరుణ ఆ మాట పోశమ్మకు చెప్పింది. పోశమ్మ సుసన్నకు చెప్పింది. ఆ రాత్రి రెండు గూడేల్లోనూ తల్లులు గుమ్మాలకు అడ్డంగా మంచాలు వేసుకుని పడుకున్నారు. తల్లిని దాటి పోలేక పిల్లలు ఇళ్లల్లోనే ఉండిపోయారు. తెల్లవారి సీసాలు ఖాళీగా దొరికితే పశువులు తన్నాయనుకున్నారు. ఇంత పని జరిగిందని ఇంటి మగవాళ్లకు ఈనాటికీ తెలియదు. వాళ్లే ఇప్పుడు శాంతి చేస్తారట.

సుసన్న కొట్టంలో కూర్చుని మెంతికూర వేళ్లు కడుగుతోంది. మల్లేశ్ మంచం మీద గోడకానుకుని ఉన్నాడు. కుట్ల మచ్చ కనపడకుండా తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. మునుపు ఆటో నడిపేవాడు. ఇప్పుడు కళ్లు తిరుగుతాయని తాళం తండ్రికిచ్చేశాడు.

"నిన్ను గూడ అడిగిండా?" అంది పోశమ్మ కింద కూర్చుంటూ.

"అడుగుడేంది, చెప్పిండు," అంది సుసన్న. "ఆదివారం పొద్దుగాల్నేనట. మాకు ప్రార్థన ఉంటదని ఒక్కనికన్న యాదికుందా? వంగుమంటె వంగుత అక్కా, నా నడుమేం ఇరగది. కని నా కొడుకు జారి పడ్డడని నా నోటితోని అనుమంటె మాత్రం రాదు."

"నేను జారలే," అన్నాడు మల్లేశ్ గోడ వైపు చూస్తూ. "ఆ కట్ట మీద ఆడుకుంట పెరిగినోన్ని. గింత దెబ్బ తగిలిచ్చుకొని మల్ల నేనే అబద్ధమాడాల్నా?"

పోశమ్మ అతని ముఖం వైపు చూడలేకపోయింది. ఆ తెల్లవారుజామున ఆమె తూము దగ్గరే ఉంది, వలల్లోంచి వచ్చే చేపలు ఎత్తుకోవడానికి. మసక వెలుతురులో కర్ర ఎత్తిన చెయ్యి ఎవరిదో చూసింది. కన్నకొడుకు చెయ్యిని పోల్చుకోవడానికి దీపం అక్కర్లేదు. మల్లేశ్ దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన రోజున గంప ఎత్తుకుని ఈ ఇంటికే వచ్చి, నా కొడుకే కొట్టాడని చెప్పింది. సుసన్న గంప లాగి వాకిట్లోకి విసిరేసింది. పోశమ్మ దుమ్ములో పడిన చేపలను ఒక్కొక్కటే ఏరి, తొట్టి దగ్గర కడిగి, అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. మూడో రోజు మళ్లీ వచ్చింది. ఆరోజు గడప పక్కన చెంబుతో నీళ్లు పెట్టి ఉన్నాయి.

అప్పటి నుంచి ఆ మాట ఈ కొట్టం దాటలేదు. సుసన్న మల్లేశ్‌కు తప్ప నారయ్యకు కూడా చెప్పలేదు. చెబితే నారయ్య గడ్డపార అందుకుంటాడు, దానికి జవాబుగా సాయన్న ఇంకోటి అందుకుంటాడు. తర్వాత ఏడవాల్సింది తామిద్దరే.

"నీ కొడుకు నౌకరి నేను తియ్య," అంది సుసన్న కూర నీళ్లు విదిలిస్తూ. "వాడొచ్చి నా కొడుక్కు ఒక్క మాట చెప్పుకుంటె, రాజీకి అందరి కంటె ముంగట నేనే నిలవడత. కని జారిపడ్డడంటె, ఇయ్యాల వీడు, రేపు ఇంకోడు. మనం ఎంతమందిని జారగొట్టుకుంట కూసుంటం?"

*

శనివారం పొద్దెక్కాక ఎల్లేష్ చెరువు ఒడ్డున వల చిక్కులు తీస్తున్నాడు. పోశమ్మ వెళ్లి వల రెండో కొస ఒళ్లోకి లాక్కుని కూర్చుంది. చిన్నప్పుడు ఇలాగే ఎదురెదురుగా కూర్చుంటే వాడు నోరు మూసేవాడు కాదు. ఇప్పుడు కర్రముక్కలా బిగుసుకుని ఉన్నాడు.

"మల్లేశ్ జారి పడలే కొడుకా," అంది.

"నాకేం తెల్సు. చీకట్ల ఎవని కర్ర ఎవనికి తగిలిందో."

"నాకు తెల్సు. నేను ఆడనే ఉన్న."

ఎల్లేష్ వేళ్లు ఆగిపోయాయి. చెరువు వైపు చూశాడు, కట్ట వైపు చూశాడు, తల్లిని మాత్రం చూడలేదు. ఎవరికైనా చెప్పావా అని గొంతు తగ్గించి అడిగాడు. సుసన్నకు చెప్పానంది. వాడు వల విసిరికొట్టి లేచి నిలబడ్డాడు.

"కన్నతల్లివేనా నువ్వు? నా బతుకు బుగ్గి చేస్తివి."

"నీ బతుకు వాళ్ల చేతిల వెట్టి రెండు నెలలాయె. వాళ్లు గుప్పిట మూసే ఉంచిర్రు. నువ్వే ఒక్కపారన్న వాని దిక్కు పోకపోతివి."

వాడు చెప్పులు కూడా తొడుక్కోకుండా కట్టెక్కి వెళ్లిపోయాడు. పోశమ్మ వాడు విసిరేసిన వల కొసను దగ్గరికి లాక్కుంది. రేపు నలుగురిలో చేతులు జోడించి తప్పయిందనేస్తే వీడు గట్టెక్కుతాడు. మొగుడు మెచ్చుకుంటాడు. వల వంతు మిగులుతుంది. లోకంలో ఆడవాళ్లంతా చేసేదదే, తనకే ఈ మంకుపట్టు ఎందుకు? కానీ గోడ వైపు తిరిగి "నేను జారలే" అన్న ఆ పిల్లవాడి గొంతు చెవుల్లోంచి పోవడం లేదు. వల చిక్కులన్నీ ఒక్కతే తీసి, ఆరేసి, ఇంటికి పోయింది.

*

ఆదివారం కట్ట మీద టెంటు వేశారు. ముందు వరసలో కుర్చీలు, కుర్చీల్లో మగవాళ్లు, బల్ల మీద శాలువాలు. వెనక టార్పాలిన్ మీద రెండు గూడేల ఆడవాళ్లు. రాజీ అయ్యాక అందరూ కలిసి తినాలని చేపల పులుసు, అన్నం వండే పని మాత్రం మరిచిపోకుండా వాళ్లకే అప్పగించారు. పోశమ్మ పొద్దున్నుంచీ చేపలు కోసి కోసి అప్పుడే లేచి వచ్చింది. సుసన్న తెల్లచీర మీదే వచ్చింది, ప్రార్థన సగంలో వదిలి.

రమాకాంత్ చాలాసేపు మాట్లాడాడు. రెండో మెట్టు ఆలోచన తనకు ఎలా తట్టిందో చెప్పాడు. నారయ్య లేచి, కాదు, ముందు తానే అన్నానన్నాడు. ఆ విషయంలో కాస్త వాదన కూడా జరిగింది. వెనక కూర్చున్న ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇద్దరూ ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు, చప్పట్లు మోగాయి. మల్లేశ్ ముందు వరస చివర తలకు తువ్వాలుతో కూర్చుని ఉన్నాడు. ఎల్లేష్ టెంటు వెనక గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. మల్లేశ్ కాలు జారి పడ్డాడని రమాకాంత్ అన్నప్పుడు ఇద్దరూ కదలలేదు.

చివరికి కట్టు సంగతి వచ్చింది. కట్టు అన్నాక అందరికీ ఒకటే, ఇవాళ ఆడవాళ్లని వదిలేస్తే రేపు మాటకు విలువ ఉండదు అని రమాకాంత్ మెత్తగా చెప్పి పోశమ్మను పిలిచాడు.

పోశమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకు వచ్చింది. చేతులు జోడించింది.

"తప్పయింది," అంది.

సాయన్న ఊపిరి వదిలాడు. రమాకాంత్ మంచిదని తలాడించి సుసన్న వైపు చెయ్యి చూపబోయాడు.

"ఆగు రమాకాంతన్నా. ఏం తప్పో చెప్పనియ్యి," అంది పోశమ్మ. "అవ్, నేను మీదిగూడెం పోయిన. చేపలమ్మనీకె పోయిననుకున్నరు మీరు. నా కొడుకు కర్ర మల్లేశ్ తల మీద వడంగ కండ్లార చూసిన. గా మాట చెప్పనీకె పోయిన. సుసన్నకొక్కదానికే చెప్పిన. మీ అందరి ముంగట చెప్పకుంట గిన్ని దినాలు నోరు మూసుకున్న. గదీ నా తప్పు. దానికే చేతులు జోడిస్తున్న."

సాయన్న తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నారయ్య కుర్చీ వెనక్కి పడేలా లేచాడు, కొత్త శాలువా జారి కిందపడింది. సుసన్న గబగబా వచ్చి అతని చెయ్యి పట్టి లాగింది.

"కూసో," అంది మొగుణ్ని. తర్వాత పెద్దమనుషుల వైపు తిరిగింది. "మీరంత ఉరికిపోయి దాసుకున్ననాడు ఠాణాకు పోయి ఫిర్యాదిచ్చింది నేను. రాజీ చెయ్యాల్సింది గూడ నేనూ నా కొడుకు. జారి పడ్డడంటె మేం రాం. కొట్టినోళ్లు కొట్టినమంటె వస్తం. గింతే."

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే వెనక నుంచి కరుణ లేచింది, చేతిలో పులుసు గరిటెతోనే. పెట్రోలు సీసాలు మా కొట్టంలోనే ఉండె, ఒలకబోసింది నేను, పోశమ్మత్తకు చెప్పిందీ నేను, కట్టు తప్పినవాళ్లలో నన్నూ కలుపుకోండి అంది మామ వైపు చూడకుండా. తర్వాత గుమ్మానికి అడ్డంగా పడుకున్న తల్లులు లేచారు, ఇటు నలుగురు, అటు ఐదుగురు. ఎవరూ అరవలేదు. ఎవరి తప్పు వాళ్లు చెప్పుకుని నిలబడ్డారు. ఇక మీదట తూము ఎత్తేటప్పుడు రెండు గూడేల ఆడవాళ్లూ దగ్గరుండాలని సుసన్న అంటే, ముందు వరసలో ఒక్కరూ కాదనలేదు. తమ ఇళ్లల్లో ఏం జరిగిందో అప్పుడే వింటున్నవాళ్లు ఏమని కాదంటారు?

రమాకాంత్ తేరుకున్నాడు. అనుభవం ఉన్న మనిషి. గొంతులో తేనె పోసుకుని గుంజ వైపు చెయ్యి చాపాడు.

"ఎల్లేషూ, నువ్వు చెప్పు బిడ్డా. చీకట్ల మీ అమ్మకు ఏం కనవడ్డదో ఏందో. నీ నౌకరి సంగతి యాదికుంచుకొని చెప్పు."

దారి చూపించాడు పెద్దమనిషి. ఆ దారిన పోతే ఉద్యోగం ఉంది, మర్యాద ఉంది, అబద్ధమాడిన తల్లి ఒక్కతే మిగులుతుంది. కొడుకు కాదంటే తన మాట నమ్మేవాళ్లు ఉండరని పోశమ్మకు తెలుసు. అయినా వాడిని కళ్లతో బతిమాలలేదు. చెప్పాల్సింది చెప్పేసింది, ఇక వాడిష్టం.

ఎల్లేష్ గుంజను వదిలాడు. బయటికి వెళ్లిపోతాడనుకున్నారు. వాడు కుర్చీల మధ్య నుంచి, చాపి ఉన్న రమాకాంత్ చేతిని తప్పించుకుని, ముందు వరసకు వచ్చాడు. మల్లేశ్ పక్కన ఎడమవైపున ఆగి, వంగి, ఏదో అన్నాడు. పక్కవాళ్లకు కూడా వినపడనంత మెల్లగా అన్నాడు. మల్లేశ్ ఉలకలేదు, పలకలేదు, ఎదురుగా చెరువునే చూస్తున్నాడు. వాడు క్షమించడు, క్షమించాలని ఎక్కడుంది, అనుకుంది పోశమ్మ.

అప్పుడు మల్లేశ్ మెల్లగా తల తిప్పాడు.

"ఏమన్న అన్నవా?" అన్నాడు. "ఆ చెవు వినవడదు. దెబ్బ తగిలిన నాటి సంది. ఇటు దిక్కు వచ్చి చెప్పు."

సుసన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కన్నతల్లికే ఆ సంగతి తెలియదు, బాధపడుతుందని చెప్పలేదు వాడు. నీళ్ల గురించి, చేల గురించి, చేపల గురించి, పరువు గురించి రెండు నెలలు పంచాయితీలు పెట్టినవాళ్లలో ఒక్కడైనా, నీకేమైంది బిడ్డా అని ఆ పిల్లవాణ్ని అడిగిన పాపాన పోలేదు.

ఎల్లేష్ కుర్చీ చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చాడు. నేల మీద కూర్చున్నాడు.

"నేనే కొట్టిన మల్లేశన్నా," అన్నాడు.

ఈసారి రమాకాంత్‌కు కూడా వినపడింది.